అమ్మడూ, సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు ఒక కాగితం తీసుకో

అమ్మడూ,

నీ మెయిల్ రెండుసార్లు చదివాను. గేరు పంటికి కార్బురైజింగ్ (ఎర్రగా కాలిన ఉక్కులోకి గ్యాసు నుంచి కార్బన్ ఎక్కించడం) చేస్తే లోపలికి కార్బన్ ఎంత దిగుతుందో కంప్యూటర్లో చూడాలని, వేడినీ కార్బన్‌నీ కలిపి త్రీడీలో సాల్వ్ చేస్తానని రాశావు. చాలా సంతోషంగా ఉంది. ముప్పై ఏళ్ళు ఫర్నేసుల పక్కన గడిపినవాడిగా చెప్తున్నాను, సాఫ్ట్‌వేర్ ఇప్పుడే తెరవకు. ముందు కాగితం మీద ఒక్క లెక్క వెయ్యి. ఎంత లోతు కావాలో ఆ దూరాన్ని వర్గం చేసి డిఫ్యూజివిటీతో, అంటే వేడి గానీ కార్బన్ గానీ ఎంత జోరుగా లోపలికి పాకుతుందో చెప్పే అంకెతో, భాగించు. వచ్చేది టైము, కచ్చితమైనది కాదు, కొన్ని రెట్లు అటూ ఇటూ అయ్యే అంచనా, అంతే.

ఎర్రగా కాలిన ఉక్కులో వేడికి డిఫ్యూజివిటీ సెకనుకి సుమారు 6 చదరపు మిల్లీమీటర్లు. పన్ను సగం మందం 5 మిల్లీమీటర్లు అనుకుంటే, 25ని 6తో భాగిస్తే నాలుగు సెకన్ల చిల్లర. అదే ఉక్కులో 927 డిగ్రీల దగ్గర కార్బన్‌కి ఆ అంకె 0.0000083. ఒక్క మిల్లీమీటరుకే 33 గంటలు! అంటే వేడి ఎప్పుడో సర్దుకుని కూర్చుంటుంది, కార్బన్ ఇంకా గుమ్మం దగ్గరే ఉంటుంది. మరి రెండూ కలిపి సాల్వ్ చెయ్యడం ఎందుకు చెప్పు?

ఎందుకు వద్దంటున్నానో ఇంకో లెక్కతో చూపిస్తాను. నీ గ్రిడ్, అంటే లెక్క వేసే బిందువుల (నోడ్‌ల) మధ్య దూరం, 0.02 మిల్లీమీటర్లు అనుకో. ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో (పాత స్టెప్ అంకెల నుంచే కొత్తవి నేరుగా లెక్కించేది) డిఫ్యూజివిటీని టైమ్ స్టెప్‌తో గుణించి గ్రిడ్ వర్గంతో భాగిస్తే సగం దాటకూడదు, టూడీలో అయితే పావు, త్రీడీలో ఆరో వంతు. వన్‌డీలో కార్బన్‌కి 24 సెకన్ల స్టెప్ వస్తుంది, 7 గంటల సైకిల్ వెయ్యి చిల్లర స్టెప్పుల్లో అయిపోతుంది, నీ పాత ల్యాప్‌టాప్ చాలు. అదే గ్రిడ్ మీద వేడిని కూడా నడిపితే 75 కోట్ల స్టెప్పులు. హద్దు దాటావా, ఒక నోడ్‌లో మైనస్ అంకె, పక్క నోడ్‌లో కొండంత అంకె, రంపం పళ్ళలా ఊగి ఊగి పేలిపోతుంది. ఇంప్లిసిట్, అంటే కొత్త అంకెలన్నిటినీ కలిపి ఒకేసారి సాల్వ్ చేసే పద్ధతి, వాడితే పేలదు. 1947లో క్రాంక్, నికల్సన్ ఇచ్చిన పద్ధతీ పేలదు, కానీ ఎర్రటి ముక్కని ఒక్కసారిగా నూనెలో ముంచే క్వెంచింగ్ లాంటి చోట స్టెప్ పెద్దదైతే అంచు దగ్గర అలలు చూపిస్తుంది. ఆ అలలు చూసి ఉక్కులో ఏదో జరుగుతోందని అనుకోకు. మొదటి కొన్ని స్టెప్పులు పూర్తి ఇంప్లిసిట్‌లో నడిపి తర్వాత దానికి మారు.

కెల్విన్ మర్చిపోవద్దు, అమ్మా. కార్బన్ డిఫ్యూజివిటీ ఎక్స్‌పొనెన్షియల్‌లో 1200 కెల్విన్ (మన 927 డిగ్రీల సెల్సియస్) పెట్టాల్సిన చోట 927 పెడితే జవాబు దాదాపు 80 రెట్లు తగ్గుతుంది, ప్రోగ్రామ్ మాత్రం ఏ ఎర్రరూ చూపించదు.

ఇక అసలు టెన్షన్ అంతా బౌండరీ దగ్గరే, అంటే ముక్క అంచున ఏ అంకె పెడతామో అక్కడే. నేను చేరిన కొత్తలో ఒక షాపులో ఈఎన్ 353 ఉక్కు గేర్లకి 0.9 మిల్లీమీటర్ల కేస్ (గట్టిపడిన పై పొర) కావాలి. 7 గంటలు చాలని మోడల్ చెప్పింది, ప్యానెల్ మీద 927 చూపించగానే టైము మొదలుపెట్టాం. తెల్లారి ఒక గేరు పన్ను కోసి, పాలిష్ పట్టి, నైటాల్ (నైట్రిక్ యాసిడ్ కలిపిన ఆల్కహాల్) వేస్తే అంచు చుట్టూ నల్లటి పట్టీ వచ్చింది, చూడ్డానికి బాగానే ఉంది. హార్డ్‌నెస్ వరసగా కొలుచుకుంటూ వెళ్తే కేస్‌కి హద్దుగా తీసుకునే 550 విక్కర్స్ (హార్డ్‌నెస్ కొలత) అంకె 0.75 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. కార్బన్ అంకెలు తప్పేమో అని అందరం వాటి మీద పడ్డాం. రాత్రి ఇంటికొచ్చి కూర్చుని 0.75ని 0.9తో భాగించి వర్గం చేశాను, 0.69. ఏడు గంటల్లో అది ఐదు గంటలకి కొంచెం తక్కువ. మరి రెండు గంటలు ఎక్కడ పోయాయి? మర్నాడు ఒక డమ్మీ గేరుకి కన్నం వేసి, థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) దూర్చి, బాస్కెట్ నడిమధ్యలో పెట్టి చూశాం. ప్యానెల్ 927 చూపించిన రెండు గంటల తర్వాత గానీ ఆ గేరు 927కి రాలేదు. పంటి లోపల వేడికి నాలుగు సెకన్లే, నిజమే, కానీ కిక్కిరిసిన బాస్కెట్ మధ్యకి వేడి చేరడం వేరే కథ. నువ్వు వేడిని సాల్వ్ చెయ్యాలంటే అక్కడ చెయ్యి, పంటిలో కాదు.

కార్బన్‌కీ అదే జాగ్రత్త. గ్యాసు తగలగానే ఉపరితలం 1 శాతానికి ఎగరదు, మెల్లగా ఎక్కుతుంది, కాబట్టి అక్కడ స్థిరమైన అంకె కాకుండా ఫ్లక్స్ (ఉపరితలం గుండా సెకనుకి లోపలికి వచ్చే కార్బన్) పెట్టు. కార్బన్ పెరిగేకొద్దీ డిఫ్యూజివిటీ కూడా పెరుగుతుంది, కానీ మొదట దాన్ని స్థిరంగా ఉంచి, పైన స్థిరమైన అంకే పెట్టి నడుపు. దానికి ఎర్రర్ ఫంక్షన్ అనే సూత్రంతో జవాబు పుస్తకంలోనే ఉంటుంది, నీ గీతా ఆ గీతా రెండూ ఒకదాని మీద ఒకటి పడాలి. పడ్డాకే ఫ్లక్స్ చేర్చు. ప్రతిసారీ ముక్కలో చేరిన మొత్తం కార్బన్, ఉపరితలం నుంచి లోపలికి వచ్చిన కార్బన్ సమానంగా ఉన్నాయా అని కూడి చూడు. రంగుల బొమ్మలు గైడు గారికి చూపించేముందు ఈ కూడిక చూపించు, ఆయన కచ్చితంగా సంతోషిస్తారు.

మీ నానమ్మ ఆవకాయ మూడో రోజు తిరగ కలిపేది, గుర్తుందా? ఉప్పు ముక్కలోకి దిగడానికీ ఇదే లెక్క. నీళ్ళలో ఉప్పు డిఫ్యూజివిటీ సెకనుకి 0.0015 చదరపు మిల్లీమీటర్లు, ముక్కలో ఇంకా తక్కువ. ముక్క సగం మందం నువ్వే కొలిచి లెక్క వెయ్యి. ఆ కాగితం, గేరు కాగితం రెండూ ఫోటో తీసి ఆదివారం లోపు పంపు, చూసి ఫోన్ చేస్తాను.

పెద్దనాన్న