ఆడవాళ్ల కోసం శృంగార పత్రికలు ఎప్పుడైనా వచ్చాయా?

వచ్చాయి. అమెరికాలో 1972 ఏప్రిల్‌లో కాస్మోపాలిటన్ అనే ఆడవాళ్ల పత్రిక మధ్య పేజీల్లో నటుడు బర్ట్ రేనాల్డ్స్ ఎలుగుబంటి చర్మం మీద బట్టల్లేకుండా పడుకుని, చెయ్యి మాత్రం అడ్డం పెట్టుకుని నవ్వుతుంటాడు. మగాళ్లు చూస్తే లేని తప్పు ఆడవాళ్లు చూస్తే ఏమిటన్నది ఎడిటర్ హెలెన్ గర్లీ బ్రౌన్ ధోరణి. మరుసటి ఏడాదే ప్లేగర్ల్, వీవా అనే పత్రికలు ఆడవాళ్ల కోసమే మొదలయ్యాయి. వీవా పెట్టింది పెంట్‌హౌస్ యజమాని బాబ్ గుచియోనీ, అంటే మగాళ్ల కోసం ఆడవాళ్ల బొమ్మల పత్రిక నడిపినవాడే ఆడవాళ్లకి ఏం కావాలో నిర్ణయించాడన్నమాట. అది 1980 దాకానే నడిచింది. ప్లేగర్ల్ చాలా ఏళ్లు నిలబడింది గానీ దాన్ని కొన్నవాళ్లలో స్వలింగ ప్రియులైన మగవాళ్లు కూడా బాగానే ఉండేవారు. నా లెక్కలో అసలు మార్పు 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వచ్చిన ఆన్ అవర్ బ్యాక్స్, ఎందుకంటే అది స్త్రీలని ప్రేమించే స్త్రీల కోసం స్త్రీలే నడిపిన పత్రిక.

మన దగ్గర అలాంటిది రాలేదు. కానీ బెజవాడ నుంచి వచ్చే స్వాతి వీక్లీలో సెక్స్ సందేహాల మీద డాక్టర్ సమరం గారి ప్రశ్నలు జవాబులు ఇళ్లలోకి నేరుగా వచ్చేశాయి. గుంటూరులో మా వీధి ఆడవాళ్లు సీరియల్ గురించి అరుగు మీద గట్టిగానే మాట్లాడుకునేవారు, ఆ పేజీ మాత్రం మధ్యాహ్నం అందరూ పడుకున్నాక చదివేవారు. బొమ్మల కంటే ఆ జవాబులే వాళ్లకి ఎక్కువ పనికొచ్చాయని నేననుకుంటాను.