పారాసైకాలజీలో పరికల్పనను ముందే ఎలా నమోదు చేస్తారు?

టెలిపతీ (ఒకరి మనసులోది ఇంద్రియాల సాయం లేకుండా మరొకరికి చేరడం) లాంటివాటిని పరీక్షించే రంగం పారాసైకాలజీ. ఫలితం చూశాక పరికల్పనను, అంటే పరీక్షించబోయే ఊహను, మార్చుకునే వీలు లేకుండా చేయడమే నమోదు ఉద్దేశం. గాంజ్‌ఫెల్డ్ టెలిపతీ ప్రయోగాన్నే తీసుకోండి. ఒకరి కళ్లపై సగానికి కోసిన పింగ్‌పాంగ్ బంతులు, చెవుల్లో హోరు. వేరే గదిలో మరొకరు ఒక బొమ్మ చూస్తుంటారు. తర్వాత మొదటి వ్యక్తి నాలుగు బొమ్మల్లో అదేదో గుర్తించాలి. ఊరికే ఊహించినా 25 శాతం సరిపోతాయి.

‘టెలిపతీ ఉంది’ అన్నది పరికల్పన కాదు. ‘సరైన ఎంపికలు 25 శాతాన్ని మించుతాయి, ఒకవైపు ద్విపద పరీక్ష, హద్దు 0.05’ అని రాయాలి. అంటే, కేవలం ఊహించినా అంత మంచి ఫలితం వచ్చే అవకాశం 5 శాతానికి మించకపోతేనే లెక్కలోకి తీసుకుంటామని. ఇక ప్రయోగాన్ని ఎన్నిసార్లు చేయాలన్న సంఖ్య. అసలు రేటు 32 శాతమనుకుంటే, 80 శాతం అవకాశంతో దాన్ని పట్టుకోవడానికి సుమారు 250 విడతలు కావాలి. నలభైతో సరిపెట్టుకుంటే, ఉన్న ప్రభావం కూడా చేజారే అవకాశమే ఎక్కువ. ఎక్కడ ఆపాలో, ఏ విడతల్ని తీసేయాలో కూడా ముందే రాయాలి. బాగా వచ్చిన చోట ఆపేయడమే పాత రోగం. ‘కళాకారులకు బాగా వచ్చింది’ లాంటివి తర్వాత తోస్తే, వాటిని రుజువుగా కాక, ఇంకా పరీక్షించాల్సిన అన్వేషణగానే చూపాలి.

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలోని కోస్ట్లర్ పారాసైకాలజీ యూనిట్ 2012లో ఇందుకో రిజిస్ట్రీ తెరిచింది. డేటా సేకరణ మొదలయ్యాక చేసే నమోదుకు విలువ లేదు. ఈ పద్ధతి ఈ రంగానికి కొత్తేమీ కాదు: పారాసైకాలజిస్టు మార్టిన్ జాన్సన్ 1970ల మధ్యలోనే యూరోపియన్ జర్నల్ ఆఫ్ పారాసైకాలజీలో ఫలితాలకు ముందే ప్రణాళికను సమీక్షించే ఏర్పాటు పెట్టారు. 2019లో వైజ్‌మన్, వాట్, కార్న్‌బ్రాట్ అనే పరిశోధకులు ఆ పత్రిక సంచికల్ని పరిశీలిస్తే, ముందే నమోదైన పరీక్షల్లో సానుకూల ఫలితాలు సుమారు 8 శాతం, మిగతావాటిలో 28.