నాలుగేళ్లు గ్యాస్ బిళ్లలు మింగాక తెలిసింది

నెలసరి దగ్గరపడితే పొట్ట ఉబ్బి విరేచనాలవుతున్నాయి, డాక్టరు గ్యాస్ అంటున్నారు, ఎండోమెట్రియోసిస్‌కీ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) పేగులకీ సంబంధం ఉందా అని అడిగావు. ఉంది చెల్లీ. నాకు తిరుపతిలో నాలుగేళ్లు గ్యాస్ బిళ్లలే రాసిచ్చారు.

పొద్దున కట్టుకున్న చుడీదార్ బొందు సాయంత్రానికి నడుముని కోసేది. బస్టాండులో చున్నీ చాటున దాన్ని వదులు చేసుకున్న రోజులెన్నో. స్కానింగ్ నార్మల్ అన్నారు. పైపైన ఉండే ఎండోమెట్రియోసిస్ మామూలు స్కానింగ్‌లో చాలాసార్లు కనబడదని అప్పుడు తెలీదు.

ఇంట్లో గోడకున్న టీటీడీ క్యాలెండర్ మీద, అమ్మ పాల లెక్క రాసే పెన్నుతోనే, నెలసరి తేదీలకి సున్నా చుట్టాను. ఉబ్బిన రోజు ‘ఉ’, విరేచనాలైతే ‘వి’, దొడ్డికెళ్లేటప్పుడు నొప్పొస్తే ‘నొ’. మూడు నెలలకి అక్షరాలన్నీ సున్నాల దగ్గరే పోగుపడ్డాయి. ఆ కాగితాలు చూశాకే వేరే గైనకాలజిస్టు, పొట్టకి చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూసే లాపరోస్కోపీ చేయించారు. అందులో బయటపడింది.

ఆమె చెప్పిందిది. అలా బయట పెరిగిన పొర వాపు తెస్తుంది. నెలసరిలో పుట్టే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు పక్కనున్న పేగుల్నీ మెలిపెడతాయి. నరాలు సున్నితమైపోయి కొద్దిపాటి గ్యాస్ కూడా నొప్పిగా తగులుతుంది. మనలాంటివాళ్లలో ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలో మలబద్ధకమో తెచ్చే పేగుల సమస్య) కూడా ఎక్కువే. పేగుల్లోని బ్యాక్టీరియా ప్రభావం మీద పరిశోధనలు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి, ఖరీదైన ప్రోబయోటిక్ పొడులకి డబ్బు పోయకు.

తిండి సంగతికొస్తే, డైటీషియన్ నాకు కొన్ని వారాలు లో ఫాడ్‌మ్యాప్ పద్ధతి, అంటే పేగుల్లో పులిసి గ్యాస్ తెచ్చే పదార్థాల్ని తగ్గించే తిండి, పెట్టించారు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, పాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తిని చూడాలి. సంక్రాంతి రోజుల్లో అనపగింజల పితికిపప్పు మానడం ఎంత కష్టమో మన చిత్తూరువాళ్లకి చెప్పక్కర్లేదు! వెల్లుల్లికి మాత్రం ఉపాయముంది. రెబ్బల్ని నూనెలో వేయించి తీసేసి, ఆ నూనెతో తాలింపు పెట్టుకో. వెల్లుల్లిలో ఉబ్బరం తెచ్చే ఫ్రక్టాన్లనే పిండిపదార్థాలు నీళ్లలో కరుగుతాయి, నూనెలోకి దిగవు. నాకు గోధుమ, అనపగింజలు పడలేదు, చెనక్కాయల చట్నీ, సంగటి హాయిగా పడ్డాయి. అన్నీ శాశ్వతంగా మానేయకు, ఒళ్లు నీరసపడుతుంది.

ఉబ్బరం బాగా తగ్గింది. పొత్తికడుపు నొప్పికి మాత్రం హార్మోన్ మాత్రలే వాడుతున్నాను, తిండితో ఈ జబ్బు పోదు. మలంలో రక్తం పడినా, ఊరికే బరువు తగ్గినా క్యాలెండర్ నిండేదాకా ఆగకు, వెంటనే చూపించుకో.