మీరడిగారు, మేం చెప్తున్నాం: ఈసారి అన్నీ చైనా ప్రశ్నలే

ఈ నెల చెన్నై నుంచి వచ్చిన ఉత్తరాల్లో చైనా మీద చదువుకునే పిల్లలవే ఎక్కువున్నాయి, అందుకని సినిమా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి తోసేశాను, ఏమనుకోకండి.

ప్రశ్న: మేడమ్, మాది నెల్లూరు, చెన్నైలో పీహెచ్‌డీ రెండో ఏడు, టాపిక్ చైనా రియల్ ఎస్టేట్ అప్పులు. ఇలా చైనా మీదే చేసేవాళ్లం నలుగురం ఉన్నాం, ఒకళ్లది పాలిటిక్స్, ఇంకొకళ్లది కామర్స్, మిగిలిన మా ఇద్దరిదీ ఎకనామిక్స్. నెలకోసారి కూర్చుని ఎవరి పని వాళ్లు చెప్పుకుందాం అనుకున్నాం. మా సీనియర్ ఒకాయన మాత్రం పేపర్ అచ్చయ్యేదాకా ఎవ్వరికీ చూపించకండి, ఐడియా కొట్టేస్తారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– తరమణి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కూర్చోండి, వచ్చే నెల దాకా కూడా ఆగొద్దు. మీ సీనియర్ భయం ఉత్తిదేం కాదు, అలాంటివి జరుగుతాయి, కానీ చైనా మీద ఒక్కళ్లే గదిలో కూర్చుని రాసుకోవడం దానికంటే పెద్ద రిస్కు. మీ టాపిక్‌లోదే ఎవర్‌గ్రాండ్ అనే పెద్ద బిల్డర్ కంపెనీ సంగతి తీసుకోండి. కామర్స్ అమ్మాయి బ్యాలెన్స్ షీట్ ముందేసుకుని, ఇంకా కట్టని ఫ్లాట్లకి జనం దగ్గర ముందే డబ్బులు తీసుకుని వాటితో ఇంకోచోట స్థలాలు కొన్నారు, బాకీలు 300 బిలియన్ డాలర్లు దాటాయి, 2021 డిసెంబర్‌లో డిఫాల్ట్ (అంటే బాకీ కట్టలేక చేతులెత్తేయడం), 2024 జనవరిలో హాంకాంగ్ కోర్టు కంపెనీని మూసేయమంది, ఇంతే కదా అంటుంది. పాలిటిక్స్ చదివినవాళ్లు ఊరుకోరు, 2020 ఆగస్టులో బీజింగ్ 'మూడు ఎర్రగీతలు' అని రూల్ తెచ్చి, ఆ గీతలు దాటిన బిల్డర్లకి కొత్త అప్పు పుట్టకుండా చేసింది కదా, అన్నేళ్లు చూస్తూ ఊరుకుని అప్పుడే ఎందుకు బిగించింది అని అడుగుతారు. ఇక మీ ఎకనామిక్స్ వాళ్లు 1994 దాకా వెళ్లాలి. ఆ ఏడాది పన్నుల సంస్కరణతో రాబడిలో పెద్ద వాటా సెంటర్‌కి పోయింది, ఖర్చులు మాత్రం లోకల్ గవర్నమెంట్ల నెత్తినే ఉండిపోయాయి, దాంతో వాళ్లు బిల్డర్లకి స్థలాల హక్కులు అమ్ముకుని బండి లాగించారు. అలా 2021లో 8.7 లక్షల కోట్ల యువాన్లు వచ్చిన రాబడి 2024కి 4.9 లక్షల కోట్లకి పడిపోయింది. అంటే బిల్డర్ మునిగితే ఊళ్లో స్కూలు టీచర్ జీతం దాకా తగులుతుంది అన్నమాట. ఈ మూడు ముక్కలూ ఒక్క మనిషికి తట్టడం కష్టం, ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటే మొదటి గంటలోనే బయటపడతాయి. చైనాలో బిజినెస్ ఎక్కడ ఆగి పార్టీ ఎక్కడ మొదలవుతుందో గీత గీయలేం, అలీబాబా పెట్టిన జాక్ మా 2020 అక్టోబర్‌లో ఒక స్పీచ్‌లో రెగ్యులేటర్లని విమర్శిస్తే పది రోజులు తిరిగేసరికి ఆయన ఫైనాన్స్ కంపెనీ యాంట్ గ్రూప్ ఐపీఓ (జనానికి మొదటిసారి షేర్లు అమ్మడం) ఆగిపోయిందిగా.

పద్ధతి మీ ఇష్టం, నన్నడిగితే ఫుల్ పేపర్ ఎవరూ తేవొద్దు, ఎవరూ చదవరు కూడా (మొహమాటానికి చదివామంటారు). రెండు పేజీలు, ఒక టేబుల్, ఆ టేబుల్‌లో నంబర్ ఎక్కడిదో, చాలు. మీటింగ్ ముందు రోజు అందరికీ మెయిల్ పెడితే ఎవరి ఐడియా ఏ తేదీదో రికార్డు ఉంటుంది, మీ సీనియర్‌కీ మనశ్శాంతి. చైనా వాళ్ల పెద్ద డేటాబేస్ సీఎన్‌కేఐ ఉంది చూడండి, అందులో థీసిస్‌లు, గణాంకాల ఇయర్‌బుక్‌లు లాంటివి 2023 ఏప్రిల్ నుంచి బయటి దేశాలవాళ్లకి కట్టడి చేశారు, కాబట్టి ఏ ఏడాది ఇయర్‌బుక్ మీలో ఎవరి దగ్గరుందో ఒక షీట్‌లో రాసి పెట్టుకోండి, ఇలాంటప్పుడే నలుగురుండటం పనికొచ్చేది.

చెప్పుకోకూడనిది ఒకటుంది. చైనాలో ఎవరితోనైనా ఇంటర్వ్యూ చేస్తే ఆ మనిషి పేరు, ఆఫీసు, ఊరు మీ గ్రూపులో కూడా బయటపెట్టకండి. వాళ్ల గూఢచర్య నిరోధక చట్టాన్ని 2023 జులై నుంచి ఇంకా విస్తరించారు, దేశ భద్రతకి సంబంధించినవని వాళ్లు అనుకునే డాక్యుమెంట్లు, డేటా అన్నీ దాని కిందకే వస్తాయి. మీకు అది ఫుట్‌నోట్, అక్కడున్నాయనకి జీవితం.

కాస్త కుదురుకున్నాక ఐఐటీ మద్రాస్‌లో చైనా స్టడీస్ సెంటర్ ఉంది, చెన్నై సెంటర్ ఫర్ చైనా స్టడీస్ అని ఇంకోటుంది, అక్కడ ఉపన్యాసాలు పెట్టినప్పుడు వెళ్లి వెనక కూర్చోకుండా ప్రశ్న అడగండి. ఢిల్లీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైనీస్ స్టడీస్ వాళ్లు జరిపే ఆల్ ఇండియా కాన్ఫరెన్స్‌కి కూడా ఒకసారి పంపి చూడండి.

ప్రశ్న: చైనా గవర్నమెంట్ లెక్కలన్నీ దొంగ లెక్కలని మా గైడే అంటారు. మరి వాటి మీద రీసెర్చ్ ఎందుకండీ?
– వేళచ్చేరి నుంచి

జవాబు: దొంగ లెక్కలు అని కొట్టిపారేయడం ఈజీ, ఆ తర్వాత చేయాల్సిన పనే ఉండదు మరి! లీ కెచియాంగ్ ప్రధాని కాకముందు, లియావోనింగ్ రాష్ట్రానికి పార్టీ సెక్రటరీగా ఉన్నప్పుడు, 2007లో అమెరికా రాయబారితో జీడీపీ అంకెలు మనుషులు తయారుచేసేవే, నేను మాత్రం కరెంటు వాడకం, రైల్లో వెళ్లే సరుకు, బ్యాంకు లోన్లు చూసుకుంటా అన్నాడని వికీలీక్స్‌లో బయటపడింది. అంటే లోపల ఉన్నవాడు కూడా లెక్కలు మానేయలేదు, వేరే లెక్కలు చూసుకున్నాడు. మీరూ అదే చేయండి. ఒక్కోసారి అంకె లేకపోవడం కూడా డేటానే, 2023 జూన్‌లో 16–24 ఏళ్లవాళ్ల నిరుద్యోగం 21.3 శాతానికి వెళ్లింది, ఆగస్టు వచ్చేసరికి ఆ అంకె ఇవ్వడమే ఆపేశారు, మళ్లీ 2024 జనవరిలో చదువుకుంటున్నవాళ్లని తీసేసి కొత్త పద్ధతిలో 14.9 శాతం అన్నారు. ఈ రెండిటినీ ఒకే గ్రాఫ్‌లో కలిపి గీసి నిరుద్యోగం తగ్గిందని రాసేవాళ్లున్నారు, మీరు రాయకండి.

ఇంకో చిట్కా, చైనాతో వ్యాపారం చేసే దేశం లెక్క కూడా పక్కన పెట్టుకోండి. మన కామర్స్ శాఖ లెక్కలో 2024–25లో చైనా నుంచి మన దిగుమతులు 113 బిలియన్ డాలర్ల పైన, లోటు 99 బిలియన్లు. చైనా కస్టమ్స్ మాత్రం మనకి పంపిన సరుకు ఇంకా ఎక్కువే చూపిస్తుంది. మనం ఏప్రిల్ నుంచి మార్చి, వాళ్లు జనవరి నుంచి డిసెంబర్, అదొక తేడా. కానీ ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపి రాసేది మనమే కాబట్టి మన అంకే పెద్దగా ఉండాలి కదా, ఉండదు. ఇక్కడ ధర తక్కువ చేసి బిల్లు వేస్తున్నారేమో అనే అనుమానం వచ్చేది దీని వల్లే. దీని మీదే ఒక ఎం.ఫిల్ సరిపడా పని ఉండేది, ఎం.ఫిల్లే ఎత్తేశారు, ఏం చేస్తాం.

ప్రశ్న: చైనీస్ భాష రాకుండా చేయొచ్చా?
– అడయార్ నుంచి ఎం.ఏ. స్టూడెంట్

జవాబు: మొదలుపెట్టొచ్చు, అక్కడే ఆగిపోతే కుదరదు. మాట్లాడటం తర్వాత చూసుకోవచ్చు, ముందు టేబుల్ హెడ్డింగులు, మంత్రిత్వశాఖల పేర్లు, సర్క్యులర్ నంబర్లు గుర్తుపట్టేంత నేర్చుకోండి. మెషిన్ ట్రాన్స్‌లేషన్‌తో కావాల్సిన పేరా ఎక్కడుందో వెతుక్కోండి, కోట్ చేసేముందు మాత్రం భాష వచ్చినవాళ్లకి చూపించండి.

ప్రశ్న: మా అమ్మాయి చెన్నైలో చైనా రాజకీయాల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. రేపు ఉద్యోగం వస్తుందా, పోలీసుల గొడవలేమైనా ఉంటాయా? భయంగా ఉందమ్మా.
– ఒంగోలు నుంచి ఒక తండ్రి

జవాబు: భయపడకండి అన్నయ్యగారూ, చదువుకుంటే పోలీసులు రారు. వీసా, ఫీల్డ్‌వర్క్ పర్మిషన్లు మాత్రం రెండు దేశాల మూడ్‌ని బట్టి ఉంటాయి, 2020లో ఆగిపోయిన డైరెక్ట్ విమానాలు 2025 అక్టోబర్‌లో గానీ మళ్లీ మొదలవలేదు, కాబట్టి అక్కడికి వెళ్లకపోయినా పూర్తిచేయగలిగే టాపిక్ ఎంచుకోమనండి. ఉద్యోగం అంటే, యూనివర్సిటీ పోస్టు మీద ఆశ పెట్టుకోమని నేను చెప్పను. మందుల కంపెనీలు, ఎలక్ట్రానిక్స్ వాళ్లు, షిప్పింగ్ వాళ్లు, రిస్క్ రిపోర్టులు రాసే సంస్థలు, వీళ్లందరికీ చైనా అర్థమయ్యే మనుషులు కావాలి. రాజకీయాలతో పాటు కంపెనీ లెక్కలు చదవడం కూడా నేర్చుకుంటే అమ్మాయికి ఢోకా ఉండదు.

ప్రశ్న: తెలుగువాళ్లకి పనికొచ్చే చైనా టాపిక్ ఏదైనా చెప్పండి మేడమ్.
– గిండీ నుంచి

జవాబు: మిర్చి! మన తేజ రకం మిర్చికి చైనా పెద్ద కస్టమర్, అక్కడివాళ్లు కొనడం తగ్గిస్తే ఖమ్మం, గుంటూరు యార్డుల్లో రేటు ఊగుతుంది, అక్కడ పంట ఎంత వచ్చింది, స్టాకు ఎంతుంది అన్నది చూసి మన రేటుతో కలిపి రాయండి. అది వద్దంటే తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కే ఓలెక్ట్రా ఎలక్ట్రిక్ బస్సులున్నాయి, వాటి టెక్నాలజీ చైనా ఎలక్ట్రిక్ వాహనాల కంపెనీ బీవైడీది, 2020 ఏప్రిల్ తర్వాత సరిహద్దు దేశాల పెట్టుబడికి గవర్నమెంట్ అనుమతి తప్పనిసరి చేశారు కదా, డబ్బుకి గేటు పెట్టి టెక్నాలజీని రానిస్తే ఏమవుతుంది అన్నది మంచి ప్రశ్న. మందుల వైపు మనసుంటే కాకినాడ దగ్గర అరబిందో గ్రూప్ పెట్టిన పెన్సిలిన్-జి (యాంటీబయాటిక్ మందులకి ముడిసరుకు) ఫ్యాక్టరీ ఉంది. చవక చైనా సరుకు దెబ్బకి మన దేశంలో దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది, ఇప్పుడు పీఎల్ఐ స్కీమ్ (ఇక్కడ తయారుచేసి అమ్మినదాన్ని బట్టి గవర్నమెంట్ ఇచ్చే ప్రోత్సాహకం) సాయంతో మళ్లీ చేస్తున్నారు, చైనా వాళ్లు రేటు ఇంకా తగ్గిస్తే ఇది నిలబడుతుందా అన్నది రేటు లెక్కలు తీసి చూడాల్సిందే. మూడింట్లో ఏది తీసుకున్నా పైన తరమణి అమ్మాయి గ్రూపు ఉంది, మీ రెండు పేజీలు మాకు పంపితే వాళ్లకి అందేలా చూస్తాం.