ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో 8 లీటర్ల ఆయిల్ పడితే, మార్చేటప్పుడు 4 లీటర్లే ఎందుకు పోస్తారు?

డ్రెయిన్ బోల్టు విప్పితే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లోంచి దాదాపు సగం ఆయిలే కిందికి దిగుతుంది, కాబట్టి పోసేదీ అంతే. మెకానిక్ మిగుల్చుకున్నట్టు కాదు. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం), వాల్వ్ బాడీ (గేర్లు మార్చడానికి ఆయిల్‌ను మళ్లించే భాగం) సందుల్లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. చాలా కార్లలో కన్వర్టర్‌కు విడిగా డ్రెయిన్ బోల్టే ఉండదు.

8 లీటర్లలో 4 దించి 4 పోస్తే సగం కొత్తదవుతుంది. కొన్నాళ్లు నడిపి మళ్లీ అలాగే చేస్తే 75 శాతం, మూడోసారికి 87.5 శాతం.

కారు మాన్యువల్ పుస్తకంలో 8 అని ఉంది కదా అని 8 పోయించడమే అసలు ప్రమాదం. ఆ అంకె పూర్తిగా ఖాళీ అయిన గేర్‌బాక్స్‌కు. ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. నురగలో గాలి ఉంటుంది గనుక ప్రెజర్ పడిపోయి గేర్లు జారతాయి, ఎయిర్ వెంట్‌లోంచి ఆయిల్ బయటికొస్తుంది. అందుకే దించినదాన్ని కొలపాత్రలో పట్టించండి. 3.8 లీటర్లు వస్తే ముందు 3.8 పోసి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, లివర్‌ను అన్ని గేర్లలోకీ తిప్పి, కంపెనీ చెప్పిన వేడి దగ్గర, సమతల నేల మీద లెవెల్ చూడాలి. ముందే లీకై తగ్గి ఉంటే ఇక్కడే తెలుస్తుంది.

ఇంకోటి: ఆయిల్ పోసే రంధ్రం బోల్టు విప్పి చూశాకే డ్రెయిన్ బోల్టు ముట్టుకోవాలి. ఆయిల్ దించేశాక పోసే బోల్టు బిగుసుకుపోయి రాకపోతే కారు ఆయిల్ లేకుండా అక్కడే ఆగిపోతుంది.