పేజీ ఫాల్టు లెక్క, పెట్టెలో కొట్టే అంకె

చిరంజీవి చిన్నమ్మాయికి,

పెదనాన్న దీవెనలు. నీకు ఆన్‌లైన్ టెస్టు, అది దాటితే ఇంటర్వ్యూ అని మీ నాన్న చెప్పాడు. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో ఏం చూసుకోవాలి, జవాబు పెట్టెలో పది పవర్ మైనస్ ఆరు ఎలా కొట్టాలి అని రెండు అడిగావట. చూడ్డానికి వేర్వేరుగా ఉన్నా రెండూ ఒకే లెక్కలో కలుస్తాయి. అందుకే ఆ లెక్కతోనే మొదలుపెడుతున్నా.

ముందు ఒక మాట అనుకుందాం. ఈ ఉత్తరంలో అంకెల మధ్య 'ఇ' కనిపిస్తే, కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో అయిదోది అని చదువుకో. 1ఇ9 అంటే 1 పక్కన తొమ్మిది సున్నాలు, అంటే మన వంద కోట్లు. 1ఇ-9 అంటే ఒకటిని వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక్క వంతు.

ఇక లెక్క. మెమరీని ఒకసారి తాకడానికి 100 నానోసెకన్లు. కావలసిన పేజీ (ప్రోగ్రాం మెమరీని సమానంగా కోసిన ఒక ముక్క) మెమరీలో లేక డిస్కు నుంచి తేవలసి వస్తే, అంటే పేజీ ఫాల్టు అయితే, 8 మిల్లీసెకన్లు. వెయ్యిసార్లకు ఒక్కసారి అలా ఫాల్టు వస్తే సగటున ఎంత పడుతుంది? కాగితం మీద మొదట చేయాల్సింది గుణకారం కాదు, అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చడం. 8 మిల్లీసెకన్లు అంటే 80,00,000 నానోసెకన్లు. మిల్లీ నుంచి నానోకి ఆరు సున్నాలు. తొందరలో మూడే వేసేవాళ్లు చాలామంది, అక్కడితో లెక్క మొత్తం వెయ్యి రెట్లు తప్పుతుంది. ఇప్పుడు 0.999 × 100 = 99.9, 0.001 × 80,00,000 = 8000. కలిపితే 8099.9 నానోసెకన్లు. వెయ్యిలో ఒక్క ఫాల్టుకే మెషీన్ దాదాపు 81 రెట్లు నెమ్మదించింది.

ఇంటర్వ్యూ చేసేవాడు ఇక్కడితో ఆగడు. "పట్టే సమయం పది శాతానికి మించి పెరగకూడదు, ఫాల్టులు ఎన్ని దాకా రావచ్చు?" అంటాడు. సగటు 110 దాటకూడదు. అంటే 100 మీద ఫాల్టు రేటు × 79,99,900 కలిపితే 110 లోపే ఉండాలి. రేటు 10 ÷ 79,99,900, సుమారుగా 1.25ఇ-6. మాటల్లో చెప్పాలంటే ఎనిమిది లక్షల సార్లకు ఒక్క ఫాల్టు. ఈ చివరి మాట నోటితో అనడం మరిచిపోకు. అంకె చదివి ఊరుకున్నవాడికీ, దాని అర్థం చెప్పినవాడికీ మార్కుల్లో తేడా అక్కడే పడుతుంది. "డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ అయితే?" అని ఇంకో అడుగు వేస్తే, తేవడానికి 100 మైక్రోసెకన్లు అనుకుని కట్టు. 10 ÷ 99,900, అంటే సుమారు 1ఇ-4, పదివేలకు ఒకటి. ఎనభై రెట్లు సడలింపు దొరికింది. అయినా నిశ్చింతగా కూర్చునేంత కాదు.

ఇప్పుడు ఆ 1.25ఇ-6 ని పెట్టెలో పెట్టాలి. పెట్టెలన్నీ ఒక్క తీరున ఉండవు.

గేట్ పరీక్షలో అంకె జవాబు ప్రశ్నలకు నీ కీబోర్డు పనిచేయదు. తెర మీద చిన్న కీప్యాడ్ ఇస్తారు. అందులో అంకెలు, చుక్క, మైనస్, చెరిపే మీటలు ఉంటాయి, ఇ ఉండదు. కాబట్టి అక్కడ 0.00000125 అని విప్పి కొట్టాల్సిందే. సున్నాలు లెక్కపెట్టడానికి ఒక కొండగుర్తు: చుక్క తర్వాత, మొదటి అసలు అంకెకు ముందు వచ్చే సున్నాలు పవర్ కంటే ఒకటి తక్కువ. మైనస్ ఆరుకి అయిదు సున్నాలు. అయితే చాలాసార్లు ప్రశ్నలోనే "జవాబు ____ × 10^-6" అని ఖాళీ పక్కన పవర్ వేసి ఉంటుంది. అప్పుడు పెట్టెలోకి వెళ్లాల్సింది 1.25 మాత్రమే. మళ్లీ సున్నాలు కొడితే తెలిసిన జవాబే తప్పవుతుంది. ఎన్ని దశాంశాలకు సవరించమన్నారో కూడా ఆ వాక్యం చివరే ఉంటుంది, దాన్ని రెండుసార్లు చదువు. ఈ తరహా ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి పెట్టె ఖాళీగా మాత్రం వదలకు.

అక్కడే తెర మీద సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉంటుంది. అందులో 'ఎక్స్‌ప్' అనే మీట పది పవర్‌కి. 'ఇ పవర్ ఎక్స్' అనే మీట 2.718 పవర్‌కి. పేర్లు దగ్గరగా ఉండటంతో చెయ్యి ఒకదాని బదులు ఇంకోదాని మీదికి పోతుంది. 1.25 పక్కన మైనస్ ఆరు వేయబోయి రెండోది వాడితే 0.0031 దరిదాపుల్లో వస్తుంది. అది చూడగానే మీట తప్పిందని పట్టెయ్యాలి. పది పవర్ మైనస్ ఆరు ఎక్కడ, వెయ్యిలో మూడు వంతులు ఎక్కడ!

కాలేజీల్లో వాడే మూడుల్ లాంటి ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్లలో మామూలు కీబోర్డు పనిచేస్తుంది, 1.25ఇ-6 అని కొడితే సంఖ్యా జవాబుగా తీసుకుంటుంది. ఇ పెద్దదైనా చిన్నదైనా ఒకటే. మధ్యలో ఖాళీ వదలకు, చివర సెకన్లు అని తోక తగిలించకు (కొలత వేరే పెట్టెలో అడిగితే తప్ప). లక్షల దగ్గర కామాలు పెట్టకు. మన 80,00,000 తీరు కామాలు చాలా సాఫ్ట్‌వేర్లకు అర్థం కావు, 8000000 అనో 8ఇ6 అనో కొట్టడం క్షేమం. ఇంకొకటి, పీడీఎఫ్ నుంచో వర్డ్ నుంచో అంకెను కాపీ చేసి పెట్టెలో వేయకు. అక్కడి మైనస్ చాలాసార్లు అసలు మైనస్ కాదు, పొడుగు గీత. కంటికి తేడా కనపడదు, సాఫ్ట్‌వేరు మాత్రం "ఇది అంకె కాదు" అంటుంది. మైనస్ నీ చేత్తోనే కొట్టు.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు వేరు. పది పవర్ మైనస్ ఆరు అని మనసులో అనుకుంటూ 10ఇ-6 అని కొట్టేస్తారు. ఇ లోనే ఆ పది ఉంది తల్లీ. 10ఇ-6 అంటే 1ఇ-5, పది రెట్లు ఎక్కువ. పది పవర్ మైనస్ ఆరు ఉత్తిగా కావాలంటే 1ఇ-6.

కోడింగ్ రౌండులో ఇదే విషయం ఇంకో వేషంలో వస్తుంది. సీ, సీ ప్లస్ ప్లస్, జావా, పైథాన్ నాలుగింటిలోనూ 10^9 అంటే పవర్ కాదు, బిట్ల ఎక్స్‌ఆర్ (రెండు బిట్లు వేరైన చోట 1, ఒకటే అయిన చోట 0). పదిని బిట్లలో రాస్తే 1010, తొమ్మిదిని రాస్తే 1001, వాటికి ఎక్స్‌ఆర్ కడితే 0011, అంటే జవాబు 3. కంపైలర్ నోరెత్తదు, నీ లూపు మూడుసార్లు తిరిగి ఆగిపోతుంది. పైథాన్‌లో పవర్‌కి 10**9 వాడు. పైథాన్‌లోనే 1ఇ9 అనేది ఫ్లోట్ (దశాంశ సంఖ్య), పూర్ణాంకం కాదు, దాన్ని నేరుగా రేంజ్‌లో పెడితే టైప్ ఎర్రర్ వస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లో శేషం కట్టేటప్పుడు 1ఇ9+7 తో భాగిస్తే కంపైలే కాదు, ఎందుకంటే అది డబుల్, అంటే అక్కడి దశాంశ సంఖ్య. 1000000007 అని పూర్తిగా రాయి. ఇన్‌పుట్‌లో 1ఇ9 అని ఇచ్చినప్పుడు ఇంట్ లోకి చదివితే 1 మాత్రం తీసుకుని ఇ దగ్గర ఆగిపోతుంది. దాన్ని డబుల్ లోకి చదవాలి.

అచ్చు వేయడంలోనూ అంతే. సీ ప్లస్ ప్లస్‌లో డబుల్ విలువ పది లక్షలు ఉంటే మామూలు సీఅవుట్ 1ఇ+06 అని వేస్తుంది. 123456789 ఉంటే 1.23457ఇ+08 అని వేసి చివరి అంకెల్ని మింగేస్తుంది. ముందు ఫిక్స్‌డ్, సెట్‌ప్రిసిషన్ పెట్టు. జావా కోటి నుంచి పైన, 0.001 కంటే కింద ఇ రూపంలోకి వెళ్లిపోతుంది. పైథాన్ 0.00001 ని 1ఇ-05 అంటుంది. లెక్క సరిగానే ఉంది, శాంపిల్ కేసులు పాసయ్యాయి, పెద్ద కేసులు మాత్రం ఫెయిలయ్యాయి అంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

పదికీ రెండుకీ పవర్లు కలిపేయడం ఓఎస్ లెక్కల్లో మరో గుంట. 32 బిట్ల అడ్రసు, 4 కేబీ పేజీ, ఎంట్రీకి 4 బైట్లు అంటే పేజీ టేబుల్ (ఏ పేజీ మెమరీలో ఎక్కడుందో చెప్పే పట్టిక) ఎంత? పేజీలు 2^32 ÷ 2^12 = 2^20, వాటిని నాలుగుతో గుణిస్తే 4 ఎంబీ. బైట్లలో అడిగితే అది 4194304. 4ఇ6 కొడితే అయిదు శాతం దాకా తప్పు, ఏ పరీక్షా అంత వదిలిపెట్టదు. "64 బిట్లయితే ఇదే టేబుల్ పెట్టొచ్చా?" అని తరువాతి ప్రశ్న. పెట్టలేం, అందుకే అంచెలు కట్టారు. 64 బిట్ల మెషీన్లలో మామూలుగా వాడే 48 బిట్ల అడ్రసుని 9, 9, 9, 9, 12 గా విడగొట్టి నాలుగు అంచెల్లో వెతుకుతారు అని బొమ్మ గీసి చూపించు.

ఇక నోటితో అడిగే ప్రశ్నలు. ప్రాసెస్‌కీ థ్రెడ్‌కీ తేడా, డెడ్‌లాక్‌కి (ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ అందరూ ఆగిపోవడం) నాలుగు షరతులు, ఒక్కసారి ఒక్కరినే లోపలికి పంపే మ్యూటెక్స్ తాళం, ఎంతమందిని పంపాలో లెక్కపెట్టే సెమాఫోర్... ఈ జాబితా నీ దగ్గర ఎలాగూ ఉంటుంది. నిర్వచనం అడిగేది రెండో ప్రశ్నకి దారి తీయడానికే. థ్రెడ్లు కోడ్, డేటా, హీప్, తెరిచిన ఫైళ్లు పంచుకుంటాయి, స్టాక్, రిజిస్టర్లు ఎవరివి వారివి అని చెప్పగానే "మరి థ్రెడ్ మార్చడం చవక ఎందుకు?" అంటాడు. ఒకే ప్రాసెస్‌లోని థ్రెడ్ల మధ్య అడ్రస్ స్పేస్ మారదు, కాబట్టి టీఎల్‌బీలో (ఇటీవలి అడ్రసు అనువాదాలు దాచే చిన్న క్యాష్) పోగుచేసుకున్నవి అక్కరకొస్తాయి. ఆ ముక్క చెప్పాలి. డెడ్‌లాక్ షరతులు నాలుగూ అప్పజెప్పాక "నువ్వు కోడ్ రాస్తే ఏది తెంచుతావు?" అంటాడు. నాలుగో షరతైన ఎదురుచూపుల చక్రాన్ని తెంచుతాను, లాక్‌లకి ఒక వరస పెట్టి అందరూ ఆ వరసలోనే పట్టుకునేలా రాస్తాను అను. బ్యాంకర్స్ అల్గారిథమ్ (డెడ్‌లాక్ రాదని తేలాకే వనరు ఇచ్చే పద్ధతి) అని మాత్రం అనకు. అది పరీక్ష కాగితం మీద బాగుంటుంది. ప్రతి ప్రాసెస్‌కీ గరిష్ఠంగా ఎంత కావాలో ముందే తెలియాలి కాబట్టి మామూలు సిస్టమ్‌లలో దాన్ని ఎవరూ పెట్టుకోరు.

మ్యూటెక్స్‌కి సొంతదారు ఉంటాడు, వేసినవాడే తీయాలి. సెమాఫోర్‌కి అలా లేదు. సొంతదారు ఉండటం వల్ల ఏం ఒరిగింది అంటే, ప్రయారిటీ ఇన్హెరిటెన్స్ సాధ్యమైంది, అంటే పెద్ద పని ఎదురుచూస్తుంటే తాళం పట్టుకున్న చిన్న పనికి ఆ పెద్ద ప్రయారిటీ తాత్కాలికంగా ఇవ్వడం. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ మాటిమాటికీ రీసెట్ అవడానికి కారణం ప్రయారిటీ ఇన్వర్షనే. చిన్న ప్రయారిటీ పని మ్యూటెక్స్ పట్టుకుని ఉండగా మధ్యస్థం పనులు దాన్ని కదలనివ్వలేదు, పెద్ద పని గడువు దాటింది, వాచ్‌డాగ్ (పనులు గడువులో అవుతున్నాయా అని చూసే కాపలా) సిస్టమ్‌ని రీసెట్ చేసింది. ఆ మ్యూటెక్స్‌కి ఇన్హెరిటెన్స్ ఆన్ చేస్తే సర్దుకుంది. ఈ ఉదాహరణ రెండు వాక్యాల్లో చెప్పగలిగేలా పెట్టుకో.

ప్రాసెస్‌కి నకలుగా పిల్ల ప్రాసెస్‌ని పుట్టించే ఫోర్క్ మీద వచ్చే చిలిపి ప్రశ్నల్లో ఒకటి బాగా నలిపి చూసుకో. కొత్త లైన్ గుర్తు లేకుండా ప్రింట్‌ఎఫ్‌తో "హలో" వేసి, తర్వాత ఫోర్క్() పిలిస్తే తెర మీద ఎన్ని హలోలు? రెండు. అక్షరాలు ఇంకా తెరకి చేరలేదు, ప్రాసెస్ మెమరీలోని బఫర్‌లోనే ఉన్నాయి. ఫోర్క్ ఆ బఫర్‌ని కూడా పిల్లకి నకలు ఇచ్చింది, ముగిసేటప్పుడు ఇద్దరూ తమ తమ బఫర్ ఖాళీ చేశారు. కొత్త లైన్ పెడితే టెర్మినల్ మీద ఒక్కటే వస్తుంది. అదే ప్రోగ్రాం అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లిస్తే మళ్లీ రెండు, ఎందుకంటే ఫైల్ అయితే లైన్‌కి ఒకసారి కాదు, బఫర్ నిండినప్పుడో ప్రోగ్రాం ముగిసినప్పుడో ఖాళీ అవుతుంది. అయిదు లైన్ల ప్రోగ్రాం, మూడు రకాలుగానూ నడిపి చూడు.

జాంబీ గురించి అడిగితే, చనిపోయినా తల్లి ప్రాసెస్ వెయిట్ పిలవక ఎంట్రీ మిగిలిపోయినది అని చెప్పు. ప్రాసెస్‌ని బలవంతంగా చంపే కిల్ -9 తో అది పోదు, చచ్చినదాన్ని మళ్లీ చంపలేం కదా. బెలాడీ అనామలీకి (మెమరీ పెంచినా ఫాల్టులు పెరిగే వింత) 1,2,3,4,1,2,5,1,2,3,4,5 వరస గుర్తుపెట్టుకుంటే చాలు. ముందొచ్చిన పేజీని ముందు తీసేసే ఫిఫోలో 3 ఫ్రేములకు (పేజీ పట్టే చోట్లకు) 9 ఫాల్టులు, 4 ఫ్రేములకు 10. లినక్స్ షెడ్యూలర్ (ఏ పనికి ప్రాసెసర్ ఇవ్వాలో తేల్చే భాగం) అంటే సీఎఫ్‌ఎస్ అని పాత నోట్సులో ఉంటుంది. 2023లో వచ్చిన 6.6 కెర్నల్ నుంచి దాని స్థానంలో ఈఈవీడీఎఫ్ వచ్చిందని చెప్పగలిగితే నోట్సు దాటి చదివావని తెలుస్తుంది.

ఫాల్టుల్ని కళ్లతో చూడాలంటే లినక్స్‌లో టైమ్ కమాండుని యూఎస్‌ఆర్ బిన్ పూర్తి దారితో పిలిచి, -వీ ఇచ్చి ఏదైనా ప్రోగ్రాం నడుపు. దారి ఇవ్వకపోతే షెల్ సొంత టైమ్ పలుకుతుంది, అది ఇవన్నీ చూపదు. మేజర్, మైనర్ అని ఫాల్టులు రెండు లెక్కల్లో వస్తాయి. మేజర్ అంటే డిస్కుకి వెళ్లినవి, మైనర్ అంటే డిస్కు జోలికి పోకుండా మెమరీలోనే తీరిపోయినవి. పైన కట్టిన 8 మిల్లీసెకన్ల లెక్క మేజర్‌కే వర్తిస్తుంది. మొదటిసారి, వెంటనే రెండోసారి నడిపి మేజర్ అంకె ఎలా మారిందో చూడు, ఎందుకు మారిందో నీకే తడుతుంది.

టెస్టు తెరవగానే అడిగిన కొలత సెకన్లా, మైక్రోసెకన్లా అన్నది రఫ్ పేపరు మీద ప్రశ్న నంబరు పక్కనే రాసుకో. మాక్ టెస్టు ఇచ్చి ఉంటే దాని పెట్టెలో ఒకసారి 1.25ఇ-6, ఒకసారి 0.00000125 కొట్టి రెండూ తీసుకుంటుందో లేదో ఇవాళే చూసుకో. ఏదైనా తిరగ్గొడితే రాత్రికి ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

ఇట్లు,
పెదనాన్న