40 గొర్రెలకు సందు, గేటు, గిట్టల తొట్టి

ప్రశ్న: మాకు 40 గొర్రెలున్నాయి. నట్టల మందు తాగించే రోజు ఒక్కోదాని వెంట పడి పట్టుకునేసరికి నడుములు పోతున్నాయి. గొర్రెను తిరగేసి పట్టే ఇనుప బోను కొందామనుకుంటున్నాం. సరైనదేనా?

జవాబు: బోను ఇప్పుడే వద్దు. అది ముఖ్యంగా గిట్టలు కత్తిరించే పనికొస్తుంది. పైగా గొర్రెను అందులోకి తోలాలన్నా ముందు ఒక దొడ్డి, దానికో ఇరుకు సందు ఉండాల్సిందే. డబ్బు సందు మీద పెట్టండి.

గొర్రెకు 6 చదరపు అడుగుల లెక్కన 12×20 అడుగుల దొడ్డి చాలు. సందును ఒక మూల నుంచి మొదలుపెట్టి, దొడ్డి గోడల్లో ఒకటి దానిలోకి తిన్నగా సాగేలా, రెండోది మాత్రమే ఏటవాలుగా వచ్చి కలిసేలా కట్టండి. రెండు గోడలనూ గరాటులా వంచితే మూతి దగ్గర రెండు గొర్రెలు ఒకేసారి దూరి ఇరుక్కుంటాయి.

అసలు కిటుకంతా సందు వెడల్పులో ఉంది. 40-50 కిలోల గొర్రెలకు లోపలి కొలత 16 నుంచి 18 అంగుళాలు, భారీ జాతులకు 20. కాస్త ఎక్కువ వదిలామా, ఓ బక్క గొర్రె వెనక్కి తిరిగి వెనకదానికి ఎదురుగా నిలబడుతుంది. ఇక వరసంతా బిగుసుకుపోతుంది. చిన్నవీ పెద్దవీ కలిసిన మందైతే ఒక గోడను బోల్టులతో జరిపేలా పెట్టుకోండి. కింద 12, పైన 20 అంగుళాలు ఉండేలా గోడలు వాల్చినా సరే, కాళ్ల దగ్గర ఇరుకవుతుంది కనుక పిల్లలు సులువుగా తిరగలేవు. ఎత్తు 3 అడుగులు, దూకే జాతులకు మూడున్నర. పొడవు 15 అడుగులుంటే ఐదు గొర్రెలు పడతాయి.

పలకలను గుంజలకు లోపలి వైపే కొట్టండి. బయట కొడితే గొర్రెలు ఒరిగినప్పుడల్లా మేకులు కొంచెం కొంచెంగా ఊడొస్తాయి. మేకుల మొనలు లోపలికి పొడుచుకురాకుండా చెయ్యి పెట్టి తడిమి చూడండి.

మందు తాగించేటప్పుడు సందును నిండా నింపి, చివరి గొర్రె వెనక అడ్డకర్ర దూర్చండి. సగమే నింపితే అవి ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటాయి. దవడ కింద చెయ్యి పెట్టి, ముట్టె నేలకు సమాంతరంగా ఉంచి, నోటి పక్క నుంచి మందు తాగించే గన్ను మూతిని నాలుక మీదుగా లోపలికి పోనిచ్చి మెల్లగా వదలండి. తల పైకెత్తి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

ప్రశ్న: సందు కట్టాం, కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా మూతి దగ్గరే ఆగిపోతున్నాయి. వెనక నుంచి ఎంత అదిలించినా కదలవు.

జవాబు: అదిలించడం ఆపి, ఒకసారి మీరే సందులోకి దిగి, గొర్రె కళ్ల ఎత్తుకు వంగి నడవండి. కారణం సాధారణంగా అక్కడే దొరుకుతుంది: నేల మీద అడ్డంగా పడ్డ గుంజ నీడ, గాలికి ఊగే గోనెసంచి, ముందు నిలబడ్డ మనిషి. నీడ అంచు గొర్రెకు గుంటలా తోస్తుంది. పక్క గోడల పలకల మధ్య ఖాళీలుంటే రేకో ప్లైవుడ్డో కొట్టి మూసేయండి. చివరి గేటు మాత్రం అవతలికి కనబడేలానే ఉండాలి, దాని అవతల రెండు గొర్రెలు కనబడాలి. దారి మూసుకుపోయినట్టు కనబడితే ఏ గొర్రే నడవదు.

ఇంకో సంగతి. సందు పక్కన మీరు గొర్రెల తల వైపు నుంచి తోక వైపు నడిస్తే, మీరు భుజం దాటగానే అవి ముందుకు కదులుతాయి. చాలామంది వెనక నుంచి ముందుకు నడుస్తూ తామే ఆపేస్తుంటారు.

ప్రశ్న: కాలికుళ్లుకు అదే సందులో గిట్టల తొట్టి పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చు. 10 అడుగుల పొడవు, 16 అంగుళాల వెడల్పు తొట్టిలో ద్రావణం 3 అంగుళాల లోతుండాలంటే సుమారు 95 లీటర్లు పడుతుంది. నూరు లీటర్లకు 10 కిలోల చొప్పున జింకు సల్ఫేటు కలపండి. మైలుతుత్తం వాడకండి, అందులోని రాగి గొర్రెలకు త్వరగా విషమవుతుంది, ఆ నీళ్లు తాగితే చచ్చిపోవచ్చు. ఏ ద్రావణమైనా సరే, ముందు మంచినీళ్లు తాగించి తోలండి. మట్టి గిట్టలతో దింపితే ద్రావణం మందు లక్షణం కోల్పోతుంది కాబట్టి ముందు కాళ్లు కడగాలి. బయటికొచ్చాక గంటసేపు పొడి గచ్చు మీద నిలబెట్టండి, బురదలోకి వదిలితే పడ్డ శ్రమ వృథా.

ప్రశ్న: పొట్టేళ్లనూ తల్లులనూ వేరు చేయడానికి ఇద్దరు మనుషులు కావాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు. సందు చివరకు ఎదురుగా, గేటు పొడవంత అవతల నట్టనడుమ గుంజ పాతి, దానికి 3 అడుగుల గేటును కొస సందు వైపు ఉండేలా వేలాడదీసి, అటు ఒక దొడ్డి, ఇటు ఒక దొడ్డి పెట్టండి. గేటు ఎడమకు తిప్పితే కుడి దారి తెరుచుకుంటుంది, కుడికి తిప్పితే ఎడమ దారి. ఒక్కరే నిలబడి వేరు చేయొచ్చు, కాకపోతే ఏ గొర్రె ఎటో అది సందులో ఉండగానే నిర్ణయించుకోవాలి.